మీ జుట్టు – మా జవాబు: ఉన్నట్టుండి జడ సన్నబడితే

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా ఊళ్ల నుంచి వచ్చాయి. అందరి బాధా ఒకటే: ఏళ్ల తరబడి పెంచుకున్న పొడవాటి జుట్టు నెలా రెండు నెలల్లో బలం పోయి తెగిపోతోంది. కారణాలు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కోలా ఉన్నాయి. అందుకే జవాబుల్లోకి వెళ్లేముందు అందరికీ ఒక పని చెబుతున్నాం. రేపు తల దువ్వుకున్నాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్లోంచి ఓ ఇరవై తీసి, మంచి వెలుతురులో రెండు చివర్లూ చూడండి. ఒక చివర ఆవగింజలో పావు వంతు కూడా లేని తెల్లటి బొడిపె కనిపిస్తే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. ఏ చివరా బొడిపె లేకుండా, పొడవు కూడా మీ జడలో సగమో పావో ఉంటే అది మధ్యలో తెగిన వెంట్రుక. ఊడేదానికి కారణం చాలావరకు ఒంట్లో ఉంటుంది. తెగేదానికి కారణం చాలావరకు వెంట్రుక పడిన పాట్లలో ఉంటుంది. ఈ తేడా తేల్చుకోకుండా నూనెలు మారుస్తూ పోతే డబ్బూ పోతుంది, విలువైన నెలలూ పోతాయి.

నాకు నడుము దిగి జుట్టు ఉండేదండి. వేసవిలో కాలువ కట్టేసిన దగ్గర్నుంచి బోరు నీళ్లతోనే తలంటు. ఇప్పుడు దువ్వితే జానెడు జానెడు ముక్కలు వస్తున్నాయి. కొత్త నూనెగానీ కొత్త షాంపూగానీ వాడలేదు. పైన ఒత్తుగానే ఉంది, జడ కింది సగమే మరీ సన్నబడింది. ఇదంతా నీళ్ల వల్లేనా? కత్తిరించక తప్పదా?
— ఒక పాఠకురాలు, మలికిపురం

జానెడు ముక్కలంటున్నారు కాబట్టి మీది తెగడమేనమ్మా, ఊడటం కాదు. నీళ్ల పాత్ర తప్పకుండా ఉంది. అయితే నీళ్లు వాటంతటవే వెంట్రుకను తెంపవు. తెగేది దువ్వెన దగ్గర. అది ఎలాగో ముందు చెబుతాం.

వెంట్రుక నెలకు సెంటీమీటరు, ఇంకాస్త పెరుగుతుంది. నడుము దిగిన జడ 80, 90 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, దాని కొస పుట్టి 6, 7 ఏళ్లయినట్టు. అన్నేళ్ల ఎండ, అన్ని తలంట్లు, అన్ని ముడులు ఆ కొస మీదుగా వెళ్లాయి. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటుంది. కుదురు దగ్గర ఆ పొలుసులు నిండా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ అంచులు అరిగి, కొసల్లో కొన్నిచోట్ల అసలు మిగలవు. పొలుసు పోయినచోట లోపలి నార బయటపడుతుంది. అక్కడే నీరు ఎక్కువ పీలుస్తుంది, అక్కడే లవణాలు ఎక్కువ అంటుకుంటాయి. ఒకే నీళ్లు పోసినా మీకు పైన ఒత్తుగా, కింద సన్నగా కావడానికి కారణం ఇదే.

సముద్రానికి దగ్గరున్న మీ వైపు, అటు అంతర్వేది, ఇటు నరసాపురం వైపు, భూగర్భ జలంలోకి ఉప్పునీరు చొరబడటం తెలిసిన సంగతే. ఆ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అలాంటి నీళ్లనే కఠిన జలం అంటాం. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు ఏ లెక్కలో ఉందో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించవచ్చు. ఈలోగా ఇంట్లో చూసుకోవాలంటే, మూత ఉన్న సీసాలో సగం దాకా నీళ్లు పోసి, చిటికెడు ఒంటి సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. నురగ నిలవకుండా తెల్లటి విరుగుడు తేలితే కఠిన జలమే. పక్కింటి బోరుకూ మీ బోరుకూ తేడా ఉండొచ్చు కాబట్టి వాళ్ల అనుభవాన్ని మీ లెక్కగా తీసుకోవద్దు.

ఈ లవణాలు అరిగిన కొసల మీద సన్నటి పొరగా పేరుకుంటాయి. వెంట్రుక గరుకు తేలుతుంది, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, చిక్కు రెట్టింపవుతుంది. మీరు మాత్రం ఎప్పటి దువ్వెనతో, ఎప్పటి తొందరతోనే దువ్వుతున్నారు. తెగడం అక్కడ మొదలవుతుంది. కాలువ నీళ్లు వచ్చినప్పుడు కూడా ఈ పొర వెంటనే పోదు, దాన్ని తీయాలి.

పటిక వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పటికతో మట్టి దిగుతుంది, కఠినత్వం తగ్గదు. కాచి చల్లార్చినా కొంతే తగ్గుతుంది, ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఉన్నంతలో తేలికైన దారి చివరి కడుగు మార్చడం. తలంటు అంతా బోరు నీళ్లతోనే కానివ్వండి, చివర్లో మాత్రం 3 లీటర్లు వాన నీళ్లో, ఇంటికి తెచ్చుకునే క్యాను నీళ్లో వాడండి. అందులో ఒక లీటరుకు మామూలు తెల్ల వెనిగర్ ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు కలిపి, చెవుల కింది నుంచి కొసల దాకా పోసుకుని ఒకటి రెండు నిమిషాలు ఉంచి, మిగతా రెండు లీటర్లతో కడిగేయండి. వెనిగర్ లేకపోతే అర నిమ్మచెక్క రసం వడకట్టి కలపండి. వారానికి ఒక్కసారి చాలు. నీళ్లు కలపని వెనిగర్ పొరపాటున కూడా వద్దు. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే ఆ వారం మానేయండి.

అప్పటికే పేరుకున్న పొరను తీయడానికి పదిహేను రోజులకోసారి, సీసా వెనక పదార్థాల జాబితాలో ఈడీటీఏ అన్న పేరున్న షాంపూ వాడండి. కాల్షియాన్ని పట్టి లాగేది అదే. అది వాడినరోజు కండిషనర్ మానకూడదు, లేదంటే జుట్టు మరీ పొడిబారి ఇంకా తెగుతుంది.

తలంటుకు ముందు రాత్రి గానీ, కనీసం రెండు గంటల ముందు గానీ జడ పొడవునా రెండు మూడు చిన్న చెంచాల కొబ్బరి నూనె రాయండి. మాడుకు మర్దన చేయడం వేరే సంగతి, ఇది కొసల కోసం. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తడిసినప్పుడు వెంట్రుక అతిగా ఉబ్బకుండా ఆపుతుంది. 2003లో అచ్చయిన ఒక భారతీయ పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. కొబ్బరికి పేరున్న అంబాజీపేట మీ కోనసీమలోనే ఉంది, ఖరీదైన సీసాలు కొనాల్సిన పని లేదు. చిక్కటి ఆముదం మాత్రం ఇంత పొడవు జుట్టుకు పట్టించి తలంటుకోవద్దు. విడదీయలేనంత ముద్దకట్టి జుట్టు కత్తిరించాల్సి వచ్చిన ఉదంతం వైద్య పత్రికల్లో ఉంది.

ఇక తలంటు తీరు. 10 మిల్లీలీటర్ల షాంపూ చెంబెడు నీళ్లలో కలిపి మాడుకే రుద్దండి. కిందికి జారే నురగతోనే కొసలు శుభ్రపడతాయి. జుట్టంతా నడినెత్తి మీదికి చేర్చి బట్టలు ఉతికినట్టు రుద్దితే ముప్పావు వంతు చిక్కు అక్కడే పడుతుంది. కండిషనర్ 15, 20 మిల్లీలీటర్లు చెవుల కింది నుంచి రాసి, అది జుట్టు మీద ఉండగానే పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తీసి, తర్వాత కడగండి. తడి వెంట్రుక తన పొడవులో మూడో వంతు దాకా సాగుతుంది, సాగి ఉన్నప్పుడు లాగితే తెగుతుంది. కాబట్టి తువ్వాలు చుట్టి మెలితిప్పడం, వంగి నిలబడి తువ్వాలుతో ఛెళ్లున కొట్టి ఆరబెట్టడం, రెండూ ఇవాళే ఆపేయండి. పాత నూలు చీర ముక్కతో పాయలు పాయలుగా అద్దితే చాలు.

దువ్వేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టండి. కింది జానెడు చిక్కు తీశాక పై జానెడు. దువ్వుతున్న చోటికి పైన పాయను పిడికిట్లో గట్టిగా పట్టుకుంటే లాగుడు కుదురు దాకా పోదు. ప్లాస్టిక్ దువ్వెన అయితే పళ్ల మధ్య గోరు పెట్టి చూడండి. అచ్చు పోసిన గీత గరుగ్గా తగిలితే ఆ దువ్వెన పారేయండి.

కత్తిరింపు గురించి అడిగారు. తెగి విచ్చుకున్న కొస ఏ నూనెకూ ఏ సీరానికీ అతుక్కోదు, ఆ చీలిక పైకి పాకుతుంది. జడ అల్లి పట్టుకుంటే ఎక్కడి నుంచి ఒక్కసారిగా సన్నబడిందో తెలుస్తుంది. అంతా ఒకేసారి తీసేయనక్కర్లేదు. ఇప్పుడు 7, 8 సెంటీమీటర్లు తీయించి, ఆపైన మూడు నెలలకోసారి రెండు సెంటీమీటర్లు తీయిస్తూ వెళ్లండి. మూడు నెలల్లో మూడుకు పైగా పెరుగుతుంది కాబట్టి పొడవు తగ్గకుండానే పాడైన భాగం కిందికి దిగిపోతుంది. ఇవన్నీ చేస్తే నాలుగైదు వారాల్లో దువ్వెనకు వచ్చే ముక్కలు తగ్గాలి. తగ్గకపోతే కింది జవాబులో రాసిన రక్తపరీక్షలు మీరూ చేయించండి.

డెంగీ జ్వరం వచ్చి తగ్గి మూడు నెలలైంది. ఇప్పుడు తలంటుకుంటే పిడికెడు జుట్టు చేతికొస్తోందండి. జ్వరం ఉన్నప్పుడు బాగానే ఉంది. బయోటిన్ బిళ్లలు వేసుకుంటున్నాను. మొత్తం ఊడిపోతుందేమోనని భయంగా ఉంది.
— కాలేజీ విద్యార్థిని, అమలాపురం

మొత్తం ఊడిపోదు, భయపడకు తల్లీ. తల మీద వెంట్రుకల్లో ఎక్కువ భాగం పెరిగే దశలో ఉంటాయి, కొద్ది భాగమే విశ్రాంతి దశలో ఉంటాయి. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి మానేయడం లాంటివి జరిగినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి రాలేది వెంటనే కాదు, రెండు మూడు నెలల తర్వాత. అందుకే జ్వరంలో నిలిచిన జుట్టు ఇప్పుడు రాలుతోంది. రాలిన వెంట్రుక చివర తెల్ల బొడిపె ఉందేమో చూడు. ఉంటే ఇదే. మామూలుగానే రోజుకు 50 నుంచి 100 దాకా రాలతాయి. ఇలాంటప్పుడు అంతకు ఎన్నో రెట్లు రాలి, ఎక్కువమందికి ఆరు నెలల్లోపు దానంతటదే ఆగుతుంది. నుదుటి అంచున కొత్తగా పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే మళ్లీ మొలుస్తున్నట్టు. వాటిని తెగిన జుట్టనుకుని చాలామంది కంగారుపడతారు. వేళ్లతో తాకితే తేడా తెలుస్తుంది: కొత్తగా మొలిచినదాని కొస సన్నగా మెత్తగా ఉంటుంది, తెగినదాని కొస మొద్దుగా ఉంటుంది.

రక్తపరీక్షలు మూడు చేయించు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్. గర్భం లేని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి అది ఉన్నట్టు తేలింది. ఫెరిటిన్ ఒంట్లో దాచిపెట్టిన ఇనుము లెక్క చెబుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఇది పడిపోవడం తరచూ చూస్తాం. 15 కన్నా తక్కువైతే నిల్వ ఖాళీ అయినట్టే. జుట్టు రాలేవాళ్లకు ఇది 40 పైన ఉండాలని చాలామంది చర్మవైద్యులు చూస్తారు. జ్వరంలో ఫెరిటిన్ దొంగగా పెరుగుతుంది కాబట్టి జ్వరం తగ్గి నెల దాటాకే చేయించాలి. నీ విషయంలో ఆ గడువు దాటింది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ కోసం. థైరాయిడ్ మందగిస్తే జుట్టు ఊడటమే కాదు, మొద్దుబారి పెళుసుగా తెగుతుంది కూడా.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. బయోటిన్ బిళ్లలు వేసుకుంటూ థైరాయిడ్ పరీక్ష చేయిస్తే ఫలితం తప్పు రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక చేసింది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపేయాలి, వాడుతున్నట్టు ల్యాబులోనూ డాక్టరుగారికీ చెప్పాలి. అసలు బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివారికి దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు.

ఇనుము తక్కువని తేలితే డాక్టరు రాసిన మాత్రను నిమ్మరసంతోనో ఉసిరితోనో తీసుకో. టీ, కాఫీ, పాలు గంట ముందూ గంట తర్వాతా వద్దు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే తోటకూరలో, మునగాకులో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చేప, మాంసం తినేవాళ్లయితే వాటిలోని ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది. పూటపూటకూ పప్పో, గుడ్డో, చేపో ఉండేలా చూసుకో. జ్వరం తర్వాత గంజితో, చారన్నంతో వారాలు గడిపేసేవాళ్లకు జుట్టు తిరిగి రావడం ఆలస్యమవుతుంది.

నాలుగు నెలల కింద పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించాను. మూడు వారాలకే రంగు కూడా వేయించాను. ఇప్పుడు తడిపితే వెంట్రుక సాగి సాగి తెగిపోతోంది. కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయిస్తే బాగవుతుందని అక్కడివాళ్లు అంటున్నారు. చేయించనా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

వద్దమ్మా. మీ జుట్టు ఇంకొక్క రసాయనం కూడా తట్టుకోలేదు. వెంట్రుకకు బలమిచ్చేవి లోపల ప్రొటీన్ పోగులను కలిపి ఉంచే గంధకపు బంధాలు. శాశ్వతంగా సాఫీ చేసే క్రీము ముందు వాటిని విడగొడుతుంది, ఇస్త్రీ చేసి తిన్నగా చేశాక రెండో ద్రావణంతో మళ్లీ కలుపుతారు. అన్నీ కలవవు. అది కుదుటపడకముందే రంగు వేయించారు. రంగులోని అమ్మోనియా పొలుసులను లేపుతుంది, పెరాక్సైడ్ మిగిలిన బంధాల్లో కొన్నిటిని తెంపుతుంది. రాలిన వెంట్రుక ఒకటి తడిపి రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగి చూడండి. ఆరోగ్యమైనది కొంచెం సాగి వెనక్కి వస్తుంది. సాగినది వెనక్కి రాకుండా జావగారి తెగితే లోపలి పోగు విరిగినట్టు, దాన్ని తిరిగి కట్టే మందు లేదు.

కెరటిన్ ట్రీట్‌మెంట్ అని పేరేగానీ అందులో పనిచేసేది చాలావరకు ఫార్మాల్డిహైడ్ వదిలే పదార్థమో గ్లయాక్సిలిక్ ఆమ్లమో, దానిపైన 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఇస్త్రీ. గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీముతో జుట్టు సాఫీ చేయించుకున్న ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక యువతి ఉదంతం 2024లో వైద్య పత్రికలో అచ్చయింది. జుట్టు కోసం అంత ప్రమాదం అక్కర్లేదు.

చేయాల్సిందల్లా కాపాడుకోవడం, పెరిగేకొద్దీ కత్తిరించడం. ఇప్పటికి మీ కుదుళ్ల దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు కొత్త జుట్టు వచ్చి ఉంటుంది. కొత్తదీ పాతదీ కలిసేచోట ఎక్కువ తెగుతుంది, అందుకే రబ్బరు బ్యాండు ఆ ఎత్తులో వేయకండి. హైడ్రొలైజ్డ్ ప్రొటీన్ అని రాసి ఉన్న కండిషనర్ పదిహేను రోజులకోసారి వాడవచ్చు. అది పగుళ్లలో తాత్కాలికంగా చేరి కొంత గట్టిదనం ఇస్తుంది, తలంటుతో పోతుంది. జుట్టు బిరుసెక్కితే ఆపేయండి. కోడిగుడ్డు సొనలోని ప్రొటీన్ అణువులు పెద్దవి, వెంట్రుక లోపలికి పోవు. గుడ్డు తినండి. ఇస్త్రీ పెట్టె పూర్తిగా పక్కన పెట్టండి. ముఖ్యంగా తడి ఆరని జుట్టు మీద వేడి పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది, ఆ బుడగ దగ్గర తెగుతుంది. తెల్లవెంట్రుకలు కప్పుకోవాలంటే పొడి కొనేటప్పుడు జాగ్రత్త: పది నిమిషాల్లో నల్లబరిచేది ఏదీ వట్టి గోరింటాకు కాదు.

మా అమ్మాయి జుట్టుకు ఈర్లలా తెల్ల గింజలున్నాయి. పేల మందు రెండుసార్లు పెట్టినా పోలేదు. ఆ గింజ దగ్గరే వెంట్రుక తెగుతోందండి. మాది తడి ఆరకుండానే జడ వేసుకుని కాలేజీ బస్సెక్కే బతుకు.
— ఒక తల్లి, ముమ్మిడివరం

ఒక్క వెంట్రుకను రెండు వేళ్ల గోళ్ల మధ్య పట్టి, గింజను కొస వైపు లాగి చూడండి. ఈరు అయితే వెంట్రుకకు ఒక పక్కనే గట్టిగా అతుక్కుని ఉంటుంది, తేలిగ్గా కదలదు. గింజ మెత్తగా, వెంట్రుక చుట్టూరా ఒరలా ఉండి, గోటికి జారి వచ్చేస్తే అది తెల్ల పియెడ్రా అనే బూజు కావచ్చు. మన డెల్టా ఉక్కలో తడి జుట్టు, దాని మీద నూనె, ఆపైన బిగుతు జడ కలిస్తే ఆ బూజుకు కావలసిన వసతి దొరికినట్టే. ఇక మూడోది: గింజ కదలదు, అక్కడ వంచితే వెంట్రుక ఫట్‌మని విరిగి రెండు చివర్లూ కుచ్చుగా విచ్చుకుంటాయి. అది బూజూ కాదు, పేనూ కాదు. రాపిడి, వేడి, రసాయనాల వల్ల పొలుసు లేచిపోయి నార చిట్లిన చోటు. దానికి మొదటి జవాబులోని జాగ్రత్తలే మందు.

బూజు అనిపిస్తే చర్మవైద్యుడికి చూపించండి, ఒక వెంట్రుకను సూక్ష్మదర్శిని కింద పెడితే నిమిషాల్లో తేలుతుంది. కీటోకొనజోల్ వంటి షాంపూ, పైపూత మందు రాస్తారు, ఒక్కోసారి మాత్రలూ ఇస్తారు. ఎక్కువగా పట్టిన కొసలు కత్తిరిస్తే త్వరగా వదులుతుంది. దువ్వెన, దిండు గలీబు, రిబ్బన్లు వేడినీళ్లలో కడగాలి. ఏదైనా సరే పేల మందు మాత్రం మళ్లీ పెట్టకండి. తలంటు రాత్రికి కాక సాయంత్రానికి మార్చండి, పడుకునేలోపు ఆరుతుంది. పొద్దున పొడి జుట్టుకే జడ.

పెళ్లిలో నాలుగు రోజులు పూలజడ, సవరం, జడకుప్పెలు వేశారు. నెల తిరక్కుండా కణతల దగ్గర జుట్టంతా పొట్టిగా విరిగిపోయింది.
— కొత్త పెళ్లికూతురు, తణుకు

పెళ్లికూతుర్ని చేసిననాటి నుంచి వ్రతం, రిసెప్షన్ దాకా రోజూ ఒకే పాపిడి, ఒకే బిగువు ఉంటుంది. సవరం, తడిపిన మల్లెలు, కుప్పెలు కలిస్తే బరువు చాలా ఎక్కువ. అదంతా వేలాడేది నుదుటి అంచున, కణతల దగ్గర ఉన్న సన్నటి వెంట్రుకల మీదే. మీకు తెగింది కాబట్టి అదృష్టం, కుదుళ్లు ఉన్నాయి. ఆరునెలల పాటు బిగుతు ముడులు, ఎత్తు పోనీటెయిల్ మానేసి వదులు జడ వేసుకోండి. పాపిడి మారుస్తూ ఉండండి. ఆ పొట్టి వెంట్రుకలను జెల్లుతో అణచి పిన్నులు పెట్టడం కూడా వద్దు. కణతల దగ్గర చర్మం నున్నగా మెరుస్తూ రంధ్రాలు కనబడకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి, అక్కడ కుదుళ్లే పోయే ప్రమాదముంది.

ఇంట్లో ముందు ముందు పెళ్లిళ్లున్నవాళ్లకు: సవరం నడినెత్తి నుంచి కాక మెడ వంపు దగ్గర నుంచి కలిపి అల్లమనండి. కనుబొమలు పైకి లాగినట్టుంటే బిగువు ఎక్కువైనట్టు, అప్పుడే విప్పి మళ్లీ వేయమనాలి. పూలజడ విప్పేటప్పుడు వెనక నుంచి దారం కత్తెరతో తెంపి పూలపట్టీని ముందు తీసేయాలి, తర్వాత పిన్నులు లెక్కపెట్టి తీయాలి, చివర్లో సవరం. స్ప్రే కొట్టి గట్టిపడిన జుట్టును పొడిగా దువ్వకూడదు. దండిగా కండిషనర్ పట్టించి పది నిమిషాలు నానాక వేళ్లతో విడదీసి, అప్పుడు తలంటాలి. అర్ధరాత్రి నిద్రమత్తులో విప్పడం వల్ల తెగేది పెళ్లిలో వేసినదానికన్నా ఎక్కువ. పది నిమిషాలు ఓపిక పట్టి ఎవరినైనా సాయం పిలవండి.

షాంపూలు మానేసి కుంకుడుకాయలకు మారితే తెగడం ఆగుతుందా? ఎన్ని కాయలు వాడాలి?
— గృహిణి, భీమవరం

మారినంత మాత్రాన ఆగదు. సరిగ్గా వాడితే కుంకుడు మంచిదే. సబ్బులా కఠిన జలంలో విరగదు, బోరు నీళ్లలోనూ నురుగుతుంది. పులుపు గుణం కాబట్టి పొలుసులను లేపదు. ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది, అది తలకు ఎప్పుడూ వద్దు. వంటసోడా కూడా అంతే.

నడుము దాకా ఉన్న జుట్టుకు 12 నుంచి 15 కాయలు. కొట్టి గింజలు తీసేసి అర లీటరు వేడినీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. తప్పు జరిగేది ఇక్కడే. చాలామంది వడకట్టకుండా పిప్పితో సహా రుద్దుతారు. ఆ తొక్క ముక్కలు జుట్టులో ఇరుక్కుంటే తీయడానికి దువ్వే దువ్వుడుకు జుట్టు తెగుతుంది. రెండో తప్పు, తల కారేంత నూనె పెట్టి అది వదిలేదాకా మూడు నాలుగుసార్లు రుద్దడం. కొసలకు రెండు మూడు చిన్న చెంచాలు చాలని పైన చెప్పాం. మూడోది, కుంకుడు జిడ్డుతోపాటు జారుడునూ తీసేస్తుంది, తర్వాత చిక్కు ఎక్కువవుతుంది. పది పన్నెండు మందారాకులు నీళ్లలో పిసికి, వడకట్టిన జిగురు జడ పొడవునా రాసి కడిగితే దువ్వెన సాఫీగా పోతుంది. ఆకు తునకలు మిగలకుండా వడకట్టండి. అది కుదరనివాళ్లు కుంకుడు తర్వాత కండిషనర్ వాడినా తప్పేమీ లేదు. పిండిన రసం ఆ రోజుకే, మర్నాటికి పులుస్తుంది. కళ్లలో పడితే బాగా మండుతుంది, వెంటనే మంచినీళ్లతో కడగాలి.

ఒకసారి గుండు చేయిస్తే మళ్లీ ఒత్తుగా, గట్టిగా వస్తుందంటారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, అత్తిలి

కాదండి. కత్తి పైనే తిరుగుతుంది, కుదుళ్ల లెక్కగానీ లావుగానీ మారవు. తెగిన మొనలు మొద్దుగా ఉండి ఒకే పొడవున రావడంతో ఒత్తుగా కనిపిస్తుందంతే. మొక్కుకుని అన్నవరంలోనో ద్వారకా తిరుమలలోనో తలనీలాలు ఇవ్వడం మీ ఇష్టం. జుట్టు బలానికి మాత్రం మందు కాదు.

ఎనిమిదేళ్ల పాపకు తలలో రూపాయి బిళ్లంత చోట జుట్టు మొదలంటా విరిగిపోయింది. పొట్టు రాలుతోంది, దురద. పేనుకొరుకుడని చెప్పి పసరు రాశారు. తగ్గలేదండి.
— ఒక తల్లి, ఆకివీడు

పేనుకొరుకుడులో ఆ చోటు నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. దురద, పొట్టు, చర్మానికి ఆనుకుని విరిగిన పొట్టి మొలకలో నల్లచుక్కలో ఉంటే అది చాలావరకు తలలో వచ్చే తామర. పైపూతలు కుదురు లోపలికి వెళ్లవు కాబట్టి ఆయింట్‌మెంటుతో తగ్గదు. పాప బరువునుబట్టి డాక్టరు రాసే మందు కొన్ని వారాలు కడుపులోకే వాడాలి, దురద తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. పసరు ఇవాళే ఆపండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము కొనొద్దు. అది ఎరుపును తగ్గించి లోపల బూజును పెంచుతుంది. ఆ చోట వాచి, మెత్తబడి, చీము కారితే వాయిదా వేయకుండా అదే రోజు చూపించండి, ఆలస్యమైతే అక్కడ మచ్చపడి జుట్టు ఎప్పటికీ రాకపోవచ్చు. దువ్వెన, రిబ్బను, తువ్వాలు పాపకు విడిగా పెట్టండి. ఇంట్లో మిగతా పిల్లల తలలు పాయ పాయ తీసి చూడండి. పిల్లినో కుక్కపిల్లనో పెంచుతుంటే దాని ఒంటి మీద బొచ్చు ఊడిన మచ్చలున్నాయేమో కూడా చూసి, ఉంటే పశువుల డాక్టరుకు చూపించండి.